ఇవ్వని అధికారం: కంప్యూటర్‌లో ప్రివిలేజ్ ఎస్కలేషన్



బదిలీ ఆర్డరు వచ్చిన ఇల్లు ఎలా ఉంటుందో మీకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అట్టపెట్టెలు, గోనెసంచులు, బడి నుంచి టీసీ, గ్యాసు కనెక్షన్ మార్పు! వీటి మధ్య నాన్నగారో అమ్మగారో ఆఫీసులో చేసే ముఖ్యమైన పని ఒకటుంది. అదే ఛార్జి అప్పగించడం. బీరువా తాళాలు, రిజిస్టర్లు, ఆఫీసు సీలు, క్వార్టర్ తాళం అన్నీ లెక్క చూసి, సంతకాలు పెట్టి, కొత్తగా వచ్చినవారి చేతికి ఇస్తారు. రిలీవ్ అయిన మర్నాడు అదే మనిషి అదే ఆఫీసుకు వెళ్ళి అదే కుర్చీలో కూర్చున్నా, ఒక్క కాగితం మీద సంతకం పెట్టడానికి వీల్లేదు. ఎందుకంటే ఆ అధికారం పనితోపాటు వచ్చింది, పనితోపాటే పోయింది.

కంప్యూటర్ కూడా ఇదే పద్ధతి మీద నడుస్తుంది. ఎవరు ఏ ఫైలు చూడవచ్చు, ఎవరు ఏది మార్చవచ్చు అన్నది ఆపరేటింగ్ సిస్టమ్ లెక్క పెట్టుకుంటుంది. ఆ లెక్కను తప్పించి, తనకు ఇవ్వని అధికారాన్ని ఎవరైనా చేజిక్కించుకుంటే దాన్ని ప్రివిలేజ్ ఎస్కలేషన్ అంటారు. అది ఎలా జరుగుతుంది, ఎలా ఆపాలి అన్నదే ఈ పాఠం. 11, 12 తరగతుల కంప్యూటర్ సైన్స్ విద్యార్థులకు ఇది నేరుగా పనికొస్తుంది. ఇంట్లో ఒకే ల్యాప్‌టాప్‌ను నలుగురు వాడుకునే మిగతావారికి ఇంకా ఎక్కువ పనికొస్తుంది.

1. రైలు పెట్టె, ఇంజన్ క్యాబిన్

కిరండూల్ నుంచి జగదల్‌పూర్, అరకుల మీదుగా విశాఖపట్నం వెళ్ళే రైలు మనలో చాలామంది ఎక్కినదే. ప్రయాణికుడు తన సీట్లో కూర్చోవచ్చు, కిటికీ తెరవచ్చు, ఆపద వస్తే గొలుసు లాగవచ్చు. ఇంజన్ క్యాబిన్‌లోకి మాత్రం వెళ్ళకూడదు. గొలుసు లాగితే బండి ఆపమని అడిగినట్టే తప్ప, ఇంజన్ అతని చేతికి వచ్చినట్టు కాదు.

ప్రాసెసర్‌లో కూడా ఇలాంటి రెండు చోట్లున్నాయి. మనం వాడే బ్రౌజర్, ఆటలు, టైపింగ్ ప్రోగ్రాం ఇవన్నీ యూజర్ మోడ్‌లో నడుస్తాయి. ఇవి ప్రయాణికుల పెట్టెలు. ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగమైన కెర్నెల్ మాత్రం కెర్నెల్ మోడ్‌లో నడుస్తుంది. అది ఇంజన్ క్యాబిన్. మెమరీ, డిస్కు, కీబోర్డు, నెట్‌వర్క్ అన్నీ దాని అదుపులో ఉంటాయి. ఇంటెల్ తరహా ప్రాసెసర్లలో 0 నుంచి 3 వరకు నాలుగు అంచెలున్నాయి. వాటిని రింగులు అంటారు. విండోస్, లినక్స్ రెండూ ముఖ్యంగా 0, 3 అంచెలనే వాడుకుంటాయి. కెర్నెల్ 0లో, మన ప్రోగ్రాంలు 3లో ఉంటాయి. ఒక ప్రోగ్రాంకు ఫైలు తెరవాల్సి వస్తే అది తానే డిస్కును తాకదు, కెర్నెల్‌ను అడుగుతుంది. ఈ అడగడాన్ని సిస్టమ్ కాల్ అంటారు. మన రైల్లో గొలుసు లాంటిది ఇది.

ఇక మనుషుల సంగతి. లినక్స్ ప్రతి వాడుకరికీ ఒక సంఖ్య ఇస్తుంది. 0 సంఖ్య ఉన్నవాడు రూట్. అతనికి దాదాపు అన్ని అధికారాలూ ఉంటాయి. చాలా లినక్స్ రకాల్లో మామూలు వాడుకరుల సంఖ్యలు 1000 నుంచి మొదలవుతాయి. విండోస్‌లో స్టాండర్డ్, అడ్మినిస్ట్రేటర్ అని రెండు రకాల ఖాతాలు ప్రధానంగా కనిపిస్తాయి. ఇవి కాక, ఆపరేటింగ్ సిస్టమ్ తన సొంత పనులకు వాడుకునే సిస్టమ్ అనే ఖాతా ఒకటి లోపల ఉంటుంది. ప్రతి ఫైలుకూ చదివే, రాసే, నడిపే హక్కులు ఎవరెవరికున్నాయో కూడా రాసి ఉంటుంది.

2. నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి

ఇవ్వని అధికారం సంపాదించడం రెండు రకాలు.

మొదటిది నిలువు రకం. మామూలు ఖాతాలో ఉన్నవాడు రూట్‌గానో అడ్మినిస్ట్రేటర్‌గానో మారిపోవడం. విద్యార్థి ఖాతాతో కూర్చున్నవాడు ల్యాబ్ మొత్తం మీద పెత్తనం సంపాదిస్తే ఇదే.

రెండవది అడ్డం రకం. ఇక్కడ అంచె మారదు, మనిషి మారతాడు. ఒక విద్యార్థి తన ఖాతాతోనే పక్క విద్యార్థి మార్కులు, ఫైళ్ళు చూడగలిగితే అది అడ్డంగా జరిగిన అతిక్రమణ. ఎవరూ అడ్మిన్ కాలేదు కదా అని దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. పక్కింటి తాళం తీయడానికి కాలనీ సెక్రటరీ కానక్కర్లేదు కదా!

3. అరువు తెచ్చుకున్న అధికారం

ఇప్పుడొక చిక్కు ప్రశ్న. లినక్స్‌లో పాస్‌వర్డుల వివరాలు దాచే ఫైలులో రాసే హక్కు రూట్‌కు మాత్రమే ఉంటుంది. మరి మామూలు వాడుకరి తన పాస్‌వర్డ్ తానే ఎలా మార్చుకోగలుగుతున్నాడు?

బ్యాంకును గుర్తు చేసుకోండి. స్ట్రాంగ్ రూమ్‌లోకి మనల్ని రానివ్వరు. కౌంటర్ దగ్గర చీటీ ఇస్తే, అధికారం ఉన్న ఉద్యోగి లోపలికి వెళ్ళి మన పని ఒక్కటే చేసి వస్తాడు. పాస్‌వర్డ్ మార్చే ప్రోగ్రాం ఆ ఉద్యోగి లాంటిది. దాన్ని ఎవరు నడిపినా అది రూట్ అధికారంతోనే నడుస్తుంది, ఆ ఒక్క పని చేసి ఆగిపోతుంది. ఇలాంటి ప్రోగ్రాంకు ఉండే గుర్తును సెట్‌యూఐడీ అంటారు. యూనిక్స్‌ను రూపొందించినవారిలో ఒకరైన డెనిస్ రిచీ ఆలోచన ఇది. దీనికి 1973లో పేటెంట్ దరఖాస్తు చేస్తే 1979లో మంజూరైంది.

ఏర్పాటు బాగానే ఉంది. కానీ ఆ ఉద్యోగిని ఎవరైనా తికమక పెడితే? చీటీ మీద ఎవరూ ఊహించని రాత రాసి ఇస్తే? అతని చేతిలో ఉన్నది మన అధికారం కాదు, స్ట్రాంగ్ రూమ్ అధికారం. కాబట్టి అతను పొరబడితే నష్టం కూడా ఆ స్థాయిలోనే ఉంటుంది.

4. లెక్క తప్పిన జాబితా

ప్రోగ్రాంను తికమక పెట్టడానికి పెద్ద ఆయుధం అక్కర్లేదు. 2018 ఫిబ్రవరిలో మన తెలుగు అక్షరమే ఆ పని చేసింది. 'జ్ఞా' అనే అక్షరంలో గుణింతానికి ముందు కంటికి కనిపించని ఒక గుర్తు చేరితే, దాన్ని తెరపై చూపించబోయిన ఐఫోన్ యాప్‌లు కుప్పకూలాయి. తప్పు అక్షరాలను గీసే ప్రోగ్రాం భాగంలో ఉంది. అది మెమరీని పాడుచేస్తోంది. ఆపిల్ సంస్థ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి దాన్ని సరిచేసింది. చదివి చూపించడానికి మాత్రమే ఇచ్చిన ఒక మాట కూడా ప్రోగ్రాం లోపలి లెక్కను తారుమారు చేయగలదని ఇక్కడ తెలుసుకోవాలి. అప్పుడు ఆగిపోయినవి యాప్‌లు. ఇలాంటి తప్పే రూట్ అధికారంతో నడిచే ప్రోగ్రాంలో ఉంటే?

అలాంటిది కూడా బయటపడింది. 2022 జనవరి 25న క్వాలిస్ అనే భద్రతా సంస్థ పరిశోధకులు పోల్‌కిట్ అనే సాఫ్ట్‌వేర్‌లోని పీకేఎగ్జెక్ ప్రోగ్రాంలో ఒక లోపాన్ని ప్రకటించారు. దానికి పోన్‌కిట్ అని పేరు పెట్టారు. లోపాల అధికారిక జాబితాలో దాని సంఖ్య సీవీఈ-2021-4034. పీకేఎగ్జెక్ సెట్‌యూఐడీ గుర్తు ఉన్న ప్రోగ్రాం. ఉబుంటు, డెబియన్, ఫెడోరా వంటి ప్రధాన లినక్స్ రకాల్లో అప్పట్లో ముందుగానే అమర్చి ఉండేది. ఆ తప్పు 2009 మే నెలలో వచ్చిన మొదటి రూపం నుంచీ అందులో ఉంది. అంటే పన్నెండేళ్ళకు పైగా!

తప్పేమిటో చూద్దాం. ఏ ప్రోగ్రాంను నడిపినా దానికి ఒక జాబితా అందుతుంది. 0వ గడిలో ప్రోగ్రాం తన పేరు, 1వ గడిలో మనమిచ్చే మొదటి మాట, అలా వరుసగా ఉంటాయి. చివర ముగింపు గుర్తు ఉంటుంది. మెమరీలో ఈ జాబితా అయిపోగానే రెండో జాబితా మొదలవుతుంది. అందులో పరిసరాల వివరాలు, అంటే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ ఉంటాయి. పీకేఎగ్జెక్ రాసినవారు 0వ గడిలో పేరు ఎప్పుడూ ఉంటుందని అనుకున్నారు. కాబట్టి ప్రోగ్రాం నేరుగా 1వ గడి నుంచి చదవడం మొదలుపెడుతుంది.

ఎవరైనా కావాలని ఖాళీ జాబితా ఇస్తే? అప్పుడు 0వ గడిలోనే ముగింపు గుర్తు ఉంటుంది. 1వ గడి అనుకుని చదివేది రెండో జాబితాలోని మొదటి వరుస అవుతుంది. పీకేఎగ్జెక్ దాన్ని చదవడమే కాకుండా అక్కడ తిరిగి రాసేది కూడా. రూట్ అధికారంతో నడిచే ప్రోగ్రాం మొదలయ్యే ముందు, రెండో జాబితాలోని ప్రమాదకరమైన వివరాలను సిస్టమ్ ఏరి పారేస్తుంది. ఈ తప్పు వల్ల ఏరి పారేసినదాన్ని మళ్ళీ లోపల పెట్టే వీలు కలిగింది. ఫలితంగా, ఆ కంప్యూటర్‌లో మామూలు ఖాతా ఉన్న ఎవరైనా రూట్ కాగలిగేవారు.

సరిచేసిన ప్రోగ్రాం అందేదాకా పరిశోధకులు చెప్పిన తాత్కాలిక ఉపాయం గమనించండి. పీకేఎగ్జెక్‌కు ఉన్న సెట్‌యూఐడీ గుర్తు తీసేయమన్నారు. ప్రోగ్రాంలో తప్పు అలాగే ఉన్నా దాని చేతిలో పెద్ద అధికారం లేకపోతే పెద్ద నష్టమూ లేదు.

5. విశాఖ దాకా వచ్చిన వానక్రై

2017 మే 12న వానక్రై అనే పురుగు ప్రపంచమంతా పాకింది. ఫైళ్ళకు తాళం వేసి, తీయాలంటే డబ్బు కట్టమంది. 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా బాధితులున్నారని యూరప్ పోలీసు సంస్థ యూరోపోల్ అప్పట్లో అంచనా వేసింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల పేర్లు వార్తల్లో వచ్చాయి.

ఖచ్చితంగా చెప్పాలంటే ఇది లోపలి ఖాతా పైకెక్కిన సంఘటన కాదు, బయటి నుంచి వచ్చిన చొరబాటు. అయినా మన పాఠానికి దగ్గరిదే. ఆ పురుగు వాడుకున్న లోపం విండోస్ ఫైళ్ళను పంచుకునే భాగంలో ఉంది. ఆ భాగం కెర్నెల్‌లోనే నడుస్తుంది. అంటే దొంగ ప్రయాణికుల పెట్టె ఎక్కి ఇంజన్ దాకా నడిచి రానక్కర్లేదు, నేరుగా క్యాబిన్ తలుపే తెరుచుకుంది. ఎవరి పాస్‌వర్డూ తెలియకుండానే అత్యున్నత అధికారం చేతికి వచ్చింది.

ఇందులో మనం గుర్తుంచుకోవాల్సిన తేదీ ఒకటుంది. మైక్రోసాఫ్ట్ ఈ లోపాన్ని సరిచేసే ప్యాచ్‌ను 2017 మార్చి 14నే విడుదల చేసింది. దాడికి 59 రోజుల ముందు! ప్యాచ్ వేసుకున్న యంత్రాలకు ఆ తలుపు మూసుకుంది. వేసుకోనివాటికీ, కంపెనీ మద్దతు ఆగిపోయిన పాత విండోస్ ఉన్నవాటికీ తెరిచే ఉంది.

6. మనమే తలుపు తీస్తే

ఇప్పుడొక ఇంటిని ఊహించుకుందాం. ల్యాప్‌టాప్ ఒక్కటే. దానికి ఖాతా కూడా ఒక్కటే, అదీ అడ్మినిస్ట్రేటర్ ఖాతా. అమ్మ అందులోనే ఆఫీసు బిల్లులు చేస్తుంది. అన్నయ్య అందులోనే పరీక్షలకు చదువుతాడు. తమ్ముడు డబ్బు కట్టకుండా ఆట ఆడాలని ఎక్కడినుంచో ఒక క్రాక్ ఫైలు దించాడు. నడపగానే తెర మసకబారి, ఈ ప్రోగ్రాం కంప్యూటర్‌లో మార్పులు చేయవచ్చా అని విండోస్ అడిగింది. తమ్ముడు చదవకుండానే అవును అని నొక్కేశాడు.

ఇక్కడ ఏ లోపాన్నీ ఎవరూ వెతకలేదు. అధికారాన్ని మనమే చేతికిచ్చాం. ఆ ప్రశ్న అడిగే ఏర్పాటును యూజర్ అకౌంట్ కంట్రోల్ అంటారు. విండోస్ విస్టాతో వచ్చింది. తమ్ముడికి స్టాండర్డ్ ఖాతా ఉండి ఉంటే ఒక్క నొక్కుతో పని జరిగేది కాదు, అడ్మిన్ పాస్‌వర్డ్ అడిగేది. తమ్ముడు అమ్మ దగ్గరికి వెళ్ళాల్సి వచ్చేది. అమ్మ "ఏంట్రా ఇది?" అని అడిగి ఉండేది. ఆ ఒక్క ప్రశ్నే చాలాసార్లు కంప్యూటర్‌ను కాపాడుతుంది.

7. తిరిగి తీసుకోని తాళాలు

మనవంటి కుటుంబాలకు బాగా తెలియాల్సిన ప్రమాదం మరొకటుంది. ఒక ఉద్యోగి అకౌంట్స్ నుంచి స్టోర్స్‌కు, అక్కడి నుంచి మరో యూనిట్‌కు మారాడనుకోండి. మారిన ప్రతిచోటా పని కోసం కొత్త హక్కులు ఇచ్చారు. పాతవి ఎవరూ తీసుకోలేదు. పదేళ్ళకు ఆ ఒక్క ఖాతాలో మూడు చోట్ల తాళాలు చేరాయి. ఆయన మంచివాడే కావచ్చు. కానీ ఆయన పాస్‌వర్డ్ దొంగిలించినవాడికి మూడు తలుపులూ ఒకేసారి తెరుచుకుంటాయి. ఇలా హక్కులు పోగుపడటాన్ని ప్రివిలేజ్ క్రీప్ అంటారు. బీరువా తాళం ఇవ్వకుండా ఎవరినీ రిలీవ్ చేయరు. కంప్యూటర్ ఖాతా కంటికి కనిపించదు కాబట్టి మరిచిపోతారు.

8. నివారణ: పనికి తగినంతే

1975లో జెరోమ్ సాల్ట్‌జర్, మైకేల్ ష్రోడర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కంప్యూటర్ రక్షణ సూత్రాలను ఒక వ్యాసంలో క్రోడీకరించారు. అందులో ముఖ్యమైనది కనిష్ఠ అధికార సూత్రం. ఏ ప్రోగ్రాంకైనా, ఏ మనిషికైనా ఆ పనికి ఎంత అధికారం కావాలో అంతే ఇవ్వాలి. పెద్ద పనిని ఒక్కరి చేతిలో పెట్టకుండా పంచడం మరో సూత్రం. మన బస్తర్ దసరానే చూడండి. 75 రోజుల ఆ ఉత్సవంలో రథం చేసే పని కొన్ని గ్రామాలవారిది, లాగే పని వేరే ప్రాంతాలవారిది. ఎవరి పని వారికి తరతరాలుగా తెలుసు.

ఈ సూత్రాలను మనం ఇలా పాటించవచ్చు:

• రోజువారీ పనికి స్టాండర్డ్ ఖాతా వాడండి. అడ్మిన్ ఖాతాను ప్రోగ్రాంలు అమర్చేటప్పుడు మాత్రమే తెరవండి.
• ఇంట్లో ఎవరి ఖాతా వారికి ఉండాలి. ఆఫీసు పని చేసే ఖాతాలో ఆటలు వద్దు.
• అప్‌డేట్ వచ్చిందంటే వాయిదా వేయకండి. 59 రోజుల సంగతి గుర్తుంచుకోండి.
• అనుమతి అడిగే పెట్టె కనిపిస్తే పూర్తిగా చదవండి. మీరు ఏమీ మొదలుపెట్టకుండానే అడిగితే వద్దు అని నొక్కండి.
• లినక్స్‌లో రూట్‌గా లాగిన్ అయి కూర్చోకండి. కావాల్సిన ఒక్క ఆదేశానికి మాత్రం సుడో వాడండి.
• ఆండ్రాయిడ్ ఫోన్ ఒక్కో యాప్‌కు ఒక్కో వాడుకరి సంఖ్య ఇచ్చి వాటిని విడివిడిగా ఉంచుతుంది. ఫోన్‌ను రూట్ చేస్తే ఆ గోడ బలహీనపడుతుంది. టార్చిలైట్ యాప్ కాంటాక్టులు అడిగితే ఇవ్వకండి.
• పాస్‌వర్డ్ పంచుకోకండి. అందరికీ తెలిసిన అడ్మిన్ పాస్‌వర్డ్ ఉన్నా లేనట్టే.

9. తలుపు తెరిచి ఉందని లోపలికి వెళ్ళవచ్చా?

ఈ పాఠం చదివాక ల్యాబ్‌లో ప్రయత్నించి చూడాలని ఎవరికైనా అనిపించవచ్చు. నేర్చుకోవాలన్న కోరిక మంచిదే. కానీ అనుమతి లేకుండా ఇతరుల కంప్యూటర్‌లోకి ప్రవేశించడం సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 43వ సెక్షన్ కిందికి వస్తుంది. దురుద్దేశంతో చేస్తే 66వ సెక్షన్ ప్రకారం మూడేళ్ళ వరకు జైలు, లేదా 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. సరదాకి చేశానంటే ఎదుటివాడి నష్టం తగ్గదు.

సాధన చేయాలంటే మీ సొంత కంప్యూటర్‌లో వర్చువల్ మెషీన్ ఏర్పాటు చేసుకుని, అందులో లినక్స్ వేసుకోండి. పాడైతే చెరిపి మళ్ళీ వేసుకోవచ్చు. బడిలో ఎక్కడైనా లోపం కనిపిస్తే మీ కంప్యూటర్ ఉపాధ్యాయులకు చెప్పండి. దేశంలో సైబర్ భద్రతా సంఘటనలను చూసే సెర్ట్-ఇన్ సంస్థ 2004 నుంచి పనిచేస్తోంది. లోపాల సమాచారాన్ని కూడా అది స్వీకరిస్తుంది. డబ్బు పోయే సైబర్ మోసం జరిగితే వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయాలని ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి.

చేసి చూడండి

1. మీ ఇంటి కంప్యూటర్‌లో ఎన్ని ఖాతాలున్నాయి? వాటిలో అడ్మినిస్ట్రేటర్లు ఎందరు? పెద్దవాళ్ళతో కూర్చుని, ఒక్కటి మాత్రమే అడ్మిన్‌గా ఉంచి మిగతావి స్టాండర్డ్‌గా మార్చండి.
2. మీ ఫోన్‌లోని ఐదు యాప్‌లకు ఏయే అనుమతులున్నాయో పట్టిక రాయండి. పనికి అవసరం లేనివి తీసేయండి.
3. పీకేఎగ్జెక్ జాబితా బొమ్మను నోటుపుస్తకంలో గీసి, ఖాళీ జాబితా ఇస్తే 1వ గడి ఎక్కడికి వెళుతుందో బాణం గీసి చూపండి.
4. నిలువు రకానికి, అడ్డం రకానికి మీ సొంత ఉదాహరణలు ఒక్కొక్కటి రాయండి.
5. ఈసారి బదిలీ ఆర్డరు వచ్చినప్పుడు సామాన్ల జాబితా పక్కనే ఇంకో జాబితా రాయండి. ఏ ల్యాబ్‌లో లాగిన్ అయి ఉన్నాం, ఏ మిత్రుడి ఫోన్‌లో మన ఖాతా తెరిచి ఉంది, పాత వైఫై పాస్‌వర్డ్ ఎవరెవరి దగ్గర ఉంది, మన దగ్గర ఎవరి పాస్‌వర్డ్ మిగిలింది అని చూసుకోండి. అన్నిటికీ టిక్కు పడ్డాకే లారీ ఎక్కించండి.